ఆకురాలు కాలపు దగ్గుకు చైనా సూదులు పనిచేస్తాయా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. తొమ్మిదేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాము. నా వయసు 42. ఏటా ఆగస్టు చివర తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద మొదలవుతాయి. అక్టోబరులో ఇంట్లో హీటర్ వేయగానే గొంతు ఎండిపోయి, రాత్రిళ్లు పొడి దగ్గు వస్తుంది. స్వల్పంగా ఆస్తమా ఉందని రోజూ వాడే ఇన్‌హేలర్ ఇచ్చారు. సెటిరిజైన్ మాత్ర, ముక్కు స్ప్రే కూడా వాడతాను. పోయిన ఏడాది మార్చి నుంచి రక్తపోటుకు లిసినోప్రిల్ వేసుకుంటున్నాను. ఇదివరకు డిసెంబరుకల్లా సర్దుకునే దగ్గు పోయిన ఏడాది నుంచి పూర్తిగా తగ్గడమే లేదు. తోటి ఉద్యోగిని ఒకరు నన్ను ఒక చైనా వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లారు. ఆమె నాలుక చూసి, రెండు చేతుల నాడీ పట్టి, ఇది ఊపిరితిత్తుల కాలమనీ, పొడిదనం నా ఊపిరితిత్తులను దెబ్బతీసిందనీ చెప్పారు. వారానికి ఒకసారి చొప్పున పది వారాలు సూదులు వేయించుకోమన్నారు. రోజూ తాగడానికి ఒక చూర్ణమూ, చామంతి టీ పొట్లమూ ఇచ్చారు. ఇవి వాడవచ్చా? వాడితే ఇన్‌హేలర్ మానవచ్చా? మా అమ్మగారికి 68 ఏళ్లు. ఆమెకు కూడా ఈ రోజుల్లోనే దగ్గు వస్తుంది. ఆమెకు ఈ చూర్ణం పంపవచ్చా?

సమాధానం: మీరు అడిగిన వాటికి జవాబు చెప్పేముందు, మీరు అడగకుండా వదిలేసిన ఒక సంగతి చెప్పాలి. మీ ఉత్తరంలో నా కన్ను మొదట ఆగింది సూదుల దగ్గర కాదు, లిసినోప్రిల్ దగ్గర. ఇది ఏసీఈ నిరోధకాలు అనే మందుల తరగతికి చెందినది. ఎనాలాప్రిల్, రామిప్రిల్ కూడా అందులోవే. రక్తపోటుకు ఇవి చక్కని మందులే కాని, వాడేవారిలో కొందరికి, మగవారికంటే ఆడవారికి ఎక్కువగా, గొంతులో ఏదో గీరుకుంటున్నట్టుగా ఉండే పొడి దగ్గును తెచ్చిపెడతాయి. శ్వాసమార్గంలో బ్రాడికైనిన్ వంటి పదార్థాలు విరగకుండా పేరుకుపోవడమే దీనికి కారణమని వైద్యులు భావిస్తారు. ఈ దగ్గు మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రావచ్చు, కొన్ని నెలల తర్వాతా రావచ్చు. ఏటా డిసెంబరుకు పోయే దగ్గు, సరిగ్గా ఆ మాత్ర మొదలుపెట్టిన ఏడాది నుంచే పోకుండా నిలిచిపోయిందంటే, ఋతువును నిందించే ముందు మాత్రను అనుమానించడం న్యాయం. అలాగని మాత్రను మీ అంతట మీరు ఆపకండి. మీ వైద్యులకు ఈ వరస చెప్పి, లోసార్టాన్ వంటి వేరే తరగతి మందుకు మార్చవచ్చేమో అడగండి. కారణం అదే అయితే, మార్చిన తర్వాత సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో దగ్గు తగ్గుతుంది. కొందరిలో మూడు నెలలు కూడా పడుతుంది. మాత్ర తెచ్చిన దగ్గుకు ఎన్ని సూదులు వేసినా డబ్బు దండుగే.

ఇన్‌హేలర్ సంగతి ఒక్క మాటలో తేలుతుంది. మానకూడదు. సూదులు వేయించుకున్నా, చూర్ణం తాగినా, దగ్గు పూర్తిగా తగ్గినట్టు అనిపించినా, దానిని తగ్గించాలా వద్దా అనేది మీ ఆస్తమా వైద్యులు ఊపిరి పరీక్ష చేసి చెప్పవలసిన మాట.

ఇక ఋతువు మాట. మీ బాధలో రెండు వేర్వేరు భాగాలు కనిపిస్తున్నాయి. ఆగస్టు చివర మొదలయ్యే తుమ్ములకూ దురదకూ అమెరికా తూర్పు భాగంలో ప్రధానంగా బాధ్యత వహించేది రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి. ఇది గాలిలో ఎగిరి వస్తుంది, సెప్టెంబరు నడుమ బాగా హెచ్చుతుంది, గట్టి మంచు పడేదాకా ఉంటుంది. ఆ రోజుల్లోనే రోడ్ల పక్కన పసుపు పచ్చగా విరగబూసే గోల్డెన్‌రాడ్‌ను జనం తిట్టుకుంటారు కాని, దాని పుప్పొడి బరువైనది, పురుగుల కాళ్లకు అంటుకుని పోయేది; పాపం దానిది కాదు. రాగ్‌వీడ్‌ను మీరు గుర్తుపట్టకపోయినా, దాని బంధువును మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. మన పొలం గట్ల మీదా, రైలు పట్టాల పక్కనా తెల్లని చిన్న పూలతో పెరిగే వయ్యారిభామ ఆ కుటుంబంలోదే. రెండోది అక్టోబరు దగ్గు. హీటర్ వేడికి ఇంటిలోని గాలి పొడిబారడం, ఏడాదంతా గొట్టాలలో పేరుకున్న దుమ్ము ఒక్కసారిగా ఇంటి మీదకు రావడం, ముక్కు వెనుక నుంచి గొంతులోకి జారే నీరు, ఆస్తమా, ఇవన్నీ కలిసి ఆ దగ్గును పెంచగలవు.

వయ్యారిభామను ఊరికే తలచుకోలేదు. చామంతి కూడా ఆ కుటుంబంలోదే. చైనాలో కళ్ల మంటకూ దురదకూ చామంతి పూల టీ ఇవ్వడం శతాబ్దాల అలవాటు; మామూలు మనిషికి అది హాయినిచ్చే పానీయమే. కాని రాగ్‌వీడ్ పుప్పొడి పడనివారిలో కొందరికి చామంతి, కేమమైల్ టీలు కూడా పడవు. నోరు దురదపెట్టడం, పెదవులు వాయడం, అరుదుగా అంతకంటే తీవ్రమైన ప్రతిచర్య కూడా రావచ్చు. మీకు రాగ్‌వీడ్ ఎలర్జీ ఉందో లేదో పరీక్షతో తేలేవరకు ఆ పొట్లం విప్పకపోవడమే మంచిది.

ఇప్పుడు ఆ వైద్యురాలు చెప్పిన మాటలోని లోతు చూద్దాం. ఆమె సొంతంగా కల్పించి చెప్పిన మాట కాదది. సుమారు రెండువేల ఏళ్లనాటి చైనా వైద్యగ్రంథం ‘హువాంగ్‌దీ నెయ్‌జింగ్’ నాలుగు ఋతువులలో మనిషి ఎలా మసలుకోవాలో చెబుతూ, శరత్తులో పెందలాడే పడుకుని, కోడితోపాటు లేవమనీ, మనసును నెమ్మదిగా ఉంచుకొమ్మనీ, ఊపిరితిత్తుల ప్రాణశక్తిని నిర్మలంగా కాపాడుకొమ్మనీ అంటుంది. వారి పంచతత్త్వాలలో శరత్తు లోహతత్త్వం; దానికి ఊపిరితిత్తి, పెద్దపేగు, ముక్కు, చర్మం, తెలుపు రంగు, కారపు రుచి, దుఃఖం ఒక వరుసగా ముడిపడి ఉంటాయి. ఊపిరితిత్తి సున్నితమైనదనీ, తడిని కోరుతుందనీ, పొడిదనాన్ని సహించదనీ వారి నమ్మిక. అయితే వారు ఊపిరితిత్తి అన్నప్పుడు ఎక్స్‌రేలో కనిపించే అవయవం ఒక్కటే కాదు, శ్వాస, చర్మపు రక్షణ, చెమట, గొంతు, ఒక రకమైన దిగులు, అన్నీ కలిపిన ఒక పనుల సముదాయం. కుడి మణికట్టు నాడిలో బొటనవేలి వైపు వేలు పెట్టిన చోట ఊపిరితిత్తి స్థితి తెలుస్తుందని వారు చదువుతారు. కాబట్టి మీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని ఆమె అన్నది స్కానులో పుండు కనిపించిందన్న అర్థంలో కాదు. ఆ మాటకు మీరు భయపడనక్కరలేదు. ఆ మాటను మీ ఆస్తమా వైద్యులు చేసిన రోగనిర్ణయానికి బదులుగా తీసుకోనూ కూడదు.

ఈ సిద్ధాంతం పుట్టిన నేలను గుర్తుంచుకుంటే దాని బలమూ, హద్దూ రెండూ తెలుస్తాయి. ఉత్తర చైనాలో వానలు జూలై, ఆగస్టులలో కురిసి ఆగిపోతాయి. ఆ తర్వాత ఆకాశం తేటపడి, గాలి పొడిబారి, పెదవులు పగులుతాయి. వారి పంచాంగంలో సెప్టెంబరు 8 ప్రాంతంలో ‘తెల్లని మంచుబిందువులు’ అనే ఘట్టం వస్తుంది, అక్టోబరు 8 ప్రాంతంలో ‘చల్లని మంచుబిందువులు’, 23 ప్రాంతంలో ‘మంచు దిగడం’. మొదట్లో వేడితో కలిసిన పొడిదనం, చివరలో చలితో కలిసిన పొడిదనం అని వారు విడదీస్తారు; ఒకే దగ్గుకు సెప్టెంబరులో ఒక మందూ, నవంబరులో ఇంకొక మందూ ఇస్తారు. న్యూజెర్సీ అక్టోబరులో హీటర్ వేసిన ఇంటికి ఈ లెక్క చాలావరకు అతుకుతుంది. రాజమహేంద్రవరానికి అతకదు. ఆ సంగతి చివర చెబుతాను.

సూదుల విషయానికి వస్తే, ఋతువును బట్టి వచ్చే ముక్కు ఎలర్జీ మీద జరిగిన మంచి పరీక్షలలో ఒకటి జర్మనీలో జరిగి 2013లో వెలువడింది. 422 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజమైన సూదులు, ఇంకొక గుంపుకు చోటు తప్పించి పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు. ఈ రెండు గుంపులూ అవసరమైనప్పుడు సెటిరిజైన్ వేసుకోవచ్చు. మూడో గుంపుకు సెటిరిజైన్ మాత్రమే. ఎనిమిది వారాల్లో పన్నెండుసార్లు సూదులు వేసిన తర్వాత, నిజమైన సూదుల గుంపువారు మిగతా రెండు గుంపులవారికంటే కొంత హాయిగా ఉన్నారు, మాత్రలు కూడా తక్కువ వాడారు. కాని పదహారో వారానికి ఆ తేడా మిగలలేదు. పైగా ఆ పరీక్ష బర్చ్, గడ్డి పుప్పొడి పడని వారి మీద జరిగింది, రాగ్‌వీడ్ మీద కాదు. 2015లో అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ ఇచ్చిన మార్గదర్శకాలు, మందులు కాని చికిత్స కోరేవారికి ఆక్యుపంక్చర్‌ను ఒక ఐచ్ఛిక మార్గంగా చూపవచ్చని అన్నాయి. మూలికల విషయంలో మాత్రం అటూ ఇటూ ఏ సిఫారసూ చేయలేదు. ఇవన్నీ చదివిన తర్వాత నా అభిప్రాయం ఇది: ముక్కుకూ, కళ్లకూ సూదులు కొంత ఉపశమనం ఇవ్వవచ్చు, అది పెద్దది కాదు, వేయించుకుంటున్నంత కాలమే నిలిచేలా ఉంది. ఆస్తమాకు సూదుల మీద ఆధారపడేంత రుజువు లేదు. నేను ఒకప్పుడు మెడనొప్పికి ఆరుసార్లు వేయించుకున్నాను. నొప్పి తగ్గిన మాట నిజం, అయితే ఆ అరగంటసేపు ఫోను లేకుండా కదలక పడుకోవడం వల్ల తగ్గినది ఎంతో నేను విడదీసి చెప్పలేను.

వేయించుకోవాలని ఉంటే వద్దనను. పది వారాలకు ముందే డబ్బు కట్టకండి. రోజుకు ఎన్నిసార్లు తుమ్మారు, రాత్రి దగ్గుతో ఎన్నిసార్లు లేచారు, ఎన్ని సెటిరిజైన్ మాత్రలు వేసుకున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుంటూ నాలుగైదుసార్లు చూడండి. అంకెలు కదలకపోతే ఆపేయండి. లిసినోప్రిల్ మార్పూ, సూదులూ ఒకే వారంలో మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు, కాబట్టి ముందు మాత్ర సంగతి తేల్చుకోండి. ఆ వైద్యురాలికి రాష్ట్ర లైసెన్సు ఉందో లేదో చూడండి. సూదులు ఒక్కసారి వాడి పారవేసేవి, మీ ఎదుటే పొట్లం విప్పినవి కావాలి. ముక్కు రెక్కల పక్కన, కనుబొమల నడుమ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మోకాలి కింద వేసే సూదులకు పెద్ద ప్రమాదం లేదు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి, బొటనవేలి దగ్గరి బిందువును అప్పుడు సంప్రదాయమే వద్దంటుంది. ఊపిరితిత్తికి ముఖ్యమని వారు చెప్పే ఒక బిందువు మాత్రం వీపు పైభాగంలో, వెన్నెముకకు రెండు వైపులా ఉంది. దాని అడుగున ఉన్నది నిజమైన ఊపిరితిత్తే. అక్కడా, ఛాతీ మీదా సూది లోతుగా నిలువుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి చేరవచ్చు. ఇది చాలా అరుదు, కాని జరిగిన సందర్భాలు నమోదై ఉన్నాయి. ఆస్తమా ఉందని ఆమెకు స్పష్టంగా చెప్పి, వీపు మీద పైపైన ఏటవాలుగానే వేయమని అడగండి. వేయించుకున్న కొన్ని గంటల్లో, మరునాడైనా సరే, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం వస్తే అది ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ పీల్చి ఊరుకోకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

చూర్ణం దగ్గర నాకు సూదులకంటే ఎక్కువ బెంగ. అందులో ఏమున్నదో మీరు రాయలేదు. బహుశా మీకూ చెప్పి ఉండరు. ప్రతి మూలిక పేరూ చైనా పేరుతో, వృక్షశాస్త్రపు పేరుతో రాసి ఇమ్మని అడగండి, రాసి ఇవ్వడానికి ఇష్టపడకపోతే ఆ చూర్ణం తాగకండి. ఈ కాలంలో ఎక్కువగా ఇచ్చేది ‘యూ పింగ్ ఫెంగ్ సాన్’, అంటే గాలికి అడ్డంగా నిలిపిన జేడ్ రాతి తెర. అందులో హువాంగ్‌చీ, బాయ్‌జూ, ఫాంగ్‌ఫెంగ్ అనే మూడు మూలికలే ఉంటాయి. అది మాత్రమే అయితే నా బెంగ తక్కువ. కాని దగ్గుకూ ఆయాసానికీ ఇచ్చే మిశ్రమాలు చాలా వాటిలో గాన్‌త్సావ్ ఉంటుంది. అది మన అతిమధురం జాతిదే. చిటికెడు నోట్లో వేసుకుంటే గొంతుకు హాయి, రోజూ కొన్ని వారాలు తాగితే మాత్రం ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి, పొటాషియం తగ్గించి రక్తపోటు పెంచుతుంది. ‘మా హువాంగ్’ అనే మూలిక ఉంటే ఇంకా గట్టిగా వద్దంటాను. అందులోని ఎఫెడ్రిన్ ఊపిరిగొట్టాలను తెరిచే మాట నిజమే, అయితే గుండెదడనూ రక్తపోటునూ పెంచుతుంది. ఆహారపూరకాలలో దానిని అమెరికా ప్రభుత్వం 2004లో నిషేధించింది. సంప్రదాయ వైద్యులు తమ మిశ్రమాలలో వాడడానికి ఆ నిషేధం వర్తించదు కనుక అది మీ పొట్లంలో ఉండే వీలు ఉంది. నీళ్లలా కారే ముక్కుకు ఇచ్చే షీషిన్ అనే వేరులో, కొన్ని జాతులలో, మూత్రపిండాలను చెడగొట్టే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల తొలి ఏళ్లలో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రలలో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున ఆ ఆమ్లం ఉన్న వేరొకటి కలిసి, వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. కొందరికి తర్వాత మూత్రనాళాలలో కేన్సర్ వచ్చింది. మన పల్లెల్లో గాడిదగడపాకు అని పిలిచే మొక్క కూడా ఆ అరిస్టోలోకియా జాతిదే, కాబట్టి ఆకుపసరు కదా ఏం చేస్తుందిలే అనే ధీమా చైనా మూలికకూ పనికిరాదు, మన మూలికకూ పనికిరాదు.

మనసారా ఆచరించమని నేను చెప్పగలిగినవి ఆ సంప్రదాయంలోని వంటింటి భాగాలు. చైనా ఇళ్లలో ఈ కాలంలో బేరిపండు పైభాగం కోసి, గింజల గుజ్జు తీసి, ఆ గుంటలో పటికబెల్లం వేసి, మూతపెట్టి అరగంట పైగా ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ పండూ, ఊరిన రసమూ రాత్రి గోరువెచ్చగా తీసుకుంటే గీరుకుపోయిన గొంతుకు నిజంగా హాయిగా ఉంటుంది. మధుమేహం ఉంటే పటికబెల్లం మానాలి. శరత్తులో కారం తగ్గించి పులుపు పెంచమని కూడా వారంటారు. మన గోదావరి వారికి పులుపు పెంచమని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు, కష్టమల్లా కారం తగ్గించడం దగ్గరే. రాత్రి పూట దగ్గుతోపాటు గుండెల్లో మంట, పుల్లని తేన్పులు ఉంటే మాత్రం ఈ పులుపు సలహాను పక్కన పెట్టండి. పెందలాడే పడుకోమన్న మాటను నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పిన తర్వాత మరింతగా పాటించండి. నాలుగున్నరకే చీకటిపడే ఊళ్లో లోహతత్త్వపు దుఃఖం ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. పొడిదనానికి అసలు మందు ఇంటి గాలిలో ఉంది. పది, పదిహేను డాలర్లకు దొరికే తేమ కొలిచే చిన్న పరికరం కొని, గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. అంతకుమించి పెంచితే దుమ్ములో బతికే సూక్ష్మ పురుగులు పెరిగి ఆస్తమాను రెచ్చగొడతాయి. హీటర్ మొదటిసారి వేసేముందే దాని ఫిల్టర్ మార్పించండి. ఫ్లూ టీకా సెప్టెంబరు, అక్టోబరులలో వేయించుకోండి. ఆస్తమా ఉన్నవారికి జేడ్ తెర ఆ టీకాకు బదులు కాదు.

వచ్చే ఏటికి ఒక మాట. రోగం వచ్చే కాలానికి ముందే మందు వేయాలన్నది చైనా వైద్యంలో పాత సూత్రం. జూలై, ఆగస్టులలో ఎండ మిక్కిలిగా ఉండే రోజులు లెక్కించి, తెల్ల ఆవాల ముద్దను ఆస్తమా రోగుల వీపు మీద పట్టీగా వేయడం అక్కడ ఇప్పటికీ ఉంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేపమందు కోసం కట్టే బారులు గుర్తుకువస్తాయి. ఆ పట్టీని గాని, ఆ చేపను గాని నేను సిఫారసు చేయను, ఆవాల ముద్ద చర్మాన్ని బొబ్బలెక్కించగలదు. ముందే మొదలుపెట్టాలన్న ఆలోచన మాత్రం ముక్కు స్ప్రేకు అక్షరాలా వర్తిస్తుంది. ఆగస్టు చివర తుమ్ములు మొదలయ్యేదాకా ఆగకుండా, ఆగస్టు తొలివారంలోనే రోజూ వాడడం మొదలుపెడితే అదే స్ప్రే ఎక్కువ పనిచేస్తుంది.

అమ్మగారికి ఆ చూర్ణం పంపకండి. మూలికల పేర్లు తెలియకపోవడం ఒక కారణమైతే, ఆ వైద్యం తన లెక్క ప్రకారమే ఆమెకు అతకకపోవడం రెండో కారణం. ఆశ్వయుజ, కార్తీకాలలో గోదావరి తీరాన గాలి పొడిగా ఉండదు. అక్టోబరు, నవంబరులంటే అక్కడ వాయుగుండాలు, తుపాను వానలు, గోడలకు చెమ్మ. చైనా వైద్యుడే అక్కడికి వచ్చి చూస్తే పొడిదనం అనడు, తేమ అంటాడు, తడిపే మందులు ఇవ్వడు. మన ఆయుర్వేదం అదే శరత్తును పిత్తం ప్రకోపించే కాలమంటుంది, పెరుగు, పగటినిద్ర వద్దంటుంది. కార్తీకం చివరి ఎనిమిది రోజులూ, మార్గశిరం మొదటి ఎనిమిది రోజులూ యమదంష్ట్రలనీ, ఆ రోజుల్లో మితంగా తినేవాడే బతుకుతాడనీ మన పెద్దలు అనేవారు. అమ్మగారి దగ్గు రెండు వారాలు దాటినా, జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఏది కనిపించినా ఆగకుండా కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించమనండి; క్షయ మన దేశంలో ఇంకా మామూలు జబ్బే. ఆమె కూడా రక్తపోటు మాత్ర వేసుకుంటూ ఉంటే దాని పేరు అడిగి, చివర ‘ప్రిల్’ అని ఉందేమో చూడండి. దీపావళి రాత్రి కిటికీలు మూసుకుని లోపల ఉండమనండి, కార్తీక స్నానం ఈ ఏటికి ఇంట్లో వేడినీళ్లతో చేయమనండి. గోదావరికి వెళ్లనిదే ఊరుకోనంటే, ఎండ ఎక్కిన తర్వాత ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లమని చెప్పండి.